గడ్డకట్టిన మందు

"రెనో! కళ్ళు తెరువు, రెనో!... దేవుడా, పెదాలు నీలంగా అయిపోతున్నాయి!"

చర్చి నేలమాళిగ వంటగదిలో, పడిపోయిన భర్త పక్కన కూలబడి లిసెట్ కేక పెట్టింది. ఆదివారం బీన్స్ విందు వండుతున్న ఆడవాళ్ళు గరిటెలు పట్టుకుని ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. లిసెట్ చెయ్యి అలవాటుగా నడుము దగ్గరికి పోయింది. ఖాళీ!

రెండేళ్ళుగా ఆ నడుముకు ఒక చిన్న సంచి ఉండేది. అందులో నలోక్సోన్... మత్తుమందు ఎక్కువై ఊపిరి ఆగిన మనిషి ముక్కులో కొట్టే మందు. బంగాళాదుంపల గోదాములో నడుము దెబ్బతిన్నాక రెనో నొప్పి బిళ్ళలకు అలవాటుపడ్డాడు. అవి చాలక, వీధుల్లో దొరికే పొడి దాకా వెళ్ళాడు. తెల్లవారుజామున బయలుదేరుతుంటే అత్తగారు ఫిలొమిన్ ఆ సంచిని చూసి భగ్గుమంది. "చర్చికి కూడా అదేనా? మా వాడి సంగతి ఊరంతా చాటింపు వేస్తావా? ట్రక్కులో పడెయ్!" ఎదురు చెప్పలేక పడేసింది లిసెట్...

కోటు లేకుండానే మంచులో ట్రక్కు దగ్గరికి పరుగెత్తింది. సంచిలోని రెండు మందు గొట్టాలూ తెచ్చింది. ఒకదాన్ని ఏప్రన్ జేబులో వేసుకుంది. ఇంకోదాన్ని రెనో ముక్కులో పెట్టి మీట నొక్కింది. మీట కదల్లేదు! మళ్ళీ నొక్కింది. పొద్దుటి నుంచి ట్రక్కులో పడి ఉండి, ఆ చలికి రెండింట్లోనూ మందు రాయైపోయింది!

"అంబులెన్సుకు ఇరవై నిమిషాలట! రోడ్డు నిండా మంచేనట!" వంటవాళ్ళలో ఫోను పట్టుకున్న ఇవెట్ ఏడుపు గొంతుతో అంది.

ఫిలొమిన్ ఆ గొట్టాన్ని కోడలి చేతిలోంచి లాక్కుంది. "నువ్వు వాడికి ఊపిరి పొయ్యి! ఇది నేను చూసుకుంటా!" జాకెట్టు గుండీలు తెంపుకుని ఒంటికి అదుముకుంది.

లిసెట్ భర్త ముక్కు మూసి, నోట్లోకి గాలి ఊదింది. అయిదు లెక్కపెట్టి మళ్ళీ ఊదింది. "కరిగిందా అత్తయ్యా?"

"ఇంకా లేదే... ముసలి ఒళ్ళు, వేడెక్కి చావదే!"

"ఫిలొమిన్, అందరూ చూస్తున్నారు..." ఎవరో గొణిగారు.

"చూడనీవే! కొడుకు పోతుంటే గుండీలు పెట్టుకుని కూర్చోనా?"

ఎన్నిసార్లు ఊదిందో లిసెట్‌కు తెలియదు. కళ్ళు తిరుగుతున్నాయి. అంతలో ఫిలొమిన్ గొట్టాన్ని చెవి దగ్గర ఊపి చూసి కోడలి చేతిలో పెట్టింది. ఈసారి మీట దిగింది! ఒక నిమిషం... రెండు... రెనో ఛాతీ ఒక్కసారిగా ఎగిసింది. దగ్గాడు. "అమ్మా..." అన్నాడు.

ఫిలొమిన్ ఏడవలేదు. ముందు కోడలి భుజాల మీద తన కోటు కప్పింది. "నిన్ను తిట్టింది నేనే... ఆ మందును చలిలో పడేయించిందీ నేనే!" అంది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించలేదు. గదిలో అందరికీ వినబడింది.

అంబులెన్సు వచ్చింది. మళ్ళీ మత్తు కమ్మొచ్చని స్ట్రెచర్ మీద ఎక్కించారు. వెంట వెళ్ళబోతున్న లిసెట్ చెయ్యి పట్టి ఆపింది ఫిలొమిన్.

"సంచిలో రెండుంటాయిగా? రెండోదేదీ?"

లిసెట్ ఏప్రన్ జేబులోంచి తీసి ఇచ్చింది. ఫిలొమిన్ దాన్ని ఊరందరి ఎదుటా జాకెట్టులో దోపుకుని, తెగిన గుండీల మీద శాలువా బిగించింది.

"అత్తయ్యా, అందరి ముందూ అక్కడ పెట్టుకున్నారేమిటి..."

"మాట్లాడకు. ఇక్కడైతే గడ్డకట్టదు. పద, వాడు ఒంటరిగా ఉన్నాడు."