ఛాయ పేరు లేని కాగితం

"ఈ కాగితాలతో వెళితే ఢిల్లీ చూసి రావచ్చు. వీసా మాత్రం రాదు."

టైపు మిషను మీంచి తల ఎత్తకుండానే అన్నాడు మురళీధర్. భిలాయి సెక్టర్ 2 నుంచి వానలో సైకిలు తొక్కుకుంటూ వచ్చిన ఛాయకి ఒళ్ళు మండింది.

"క్యోఁ భయ్యా, ఏం తక్కువైంది? మా అక్క టొరంటోలో నర్సు. జీతం లెటరుంది, బ్యాంకు లెటరుంది. అమ్మనీ నాన్ననీ నన్నూ పోషిస్తానని సంతకం పెట్టిన కాగితం కూడా ఉంది."

"మీ నాన్నగారు ఎంతమంది?"

"ఏంటి?"

"స్టీలు ప్లాంటు సర్వీసు బుక్కులో ఎన్.ఎస్. రావు. పాస్‌పోర్టులో నరసింగరావు. మీ అక్కగారి కాగితంలో నర్సింహారావు. ఈ ముగ్గురిలో ఎవరిని పంపమంటారని ఆఫీసరు అడుగుతాడు."

మురళీధర్ విజయనగరం నుంచి వచ్చి, సివిక్ సెంటర్లో ఒక వకీలు గారి దగ్గర టైపిస్టుగా చేరి రెండేళ్ళయింది. ఛాయ భిలాయిలోనే పుట్టింది. హిందీలో పోట్లాడితే ఎవరినైనా గెలుస్తుంది. తెలుగులో ఆ రోజు ఓడిపోయింది.

"అయితే ఏం చెయ్యాలి భయ్యా?"

"ముందు భయ్యా అనడం మానాలి. తరవాత ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్టు చెయ్యాలి. మీ అక్కగారు సరైన పేరుతో కొత్త కాగితం పంపాలి."

ఛాయ నవ్వు ఆపుకుని కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలో అతనూ నవ్వుతూ కనిపించాడు.

ఆ వానాకాలమంతా కాగితాలతోనే గడిచింది. తల్లి జోగమ్మ పుట్టినతేదీ రుజువు కోసం మురళీధర్ రెండుసార్లు దుర్గ్ కోర్టుకు వెళ్ళొచ్చాడు. సంతకాల కోసం క్వార్టరుకి వస్తే, బ్లాస్ట్ ఫర్నేసులో ఫోర్‌మన్‌గా రిటైరైన నరసింగరావు పక్కన కూర్చోబెట్టుకుని, "ఏటి బాబూ, మీది ఇజీనారంలో ఏ ఈది?" అని మొదలుపెట్టి గంటసేపు వదిలేవాడు కాదు.

ఛాయ మాత్రం ఒక్క మాట కోసం ఎదురుచూసింది. అతనేమో ప్రతి ఫారంలోనూ ఆమె పేరు పక్కన 'అవివాహిత' అని తడుముకోకుండా కొట్టేశాడు.

"మేం వెళ్ళిపోతే మీకు పని తగ్గుతుంది కదా," అని ఒకరోజు అంది.

"తగ్గుతుంది," అన్నాడతను. అని, నిన్ననే వేసిన రిబ్బను తీసి మళ్ళీ కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాడు. ఛాయకి అది చాలు. ఆ సాయంత్రమే అక్క మణిమాలకి పెద్ద ఉత్తరం రాసింది.

ఢిల్లీలో వీసా ఇంటర్వ్యూకి ఇంక ఇరవై రోజులున్నాయనగా టొరంటో నుంచి కొత్త కాగితం వచ్చింది. చదువుతూనే మురళీధర్ మొహం పాలిపోయింది.

"పెద్ద పొరపాటు జరిగింది. నాన్నగారి పేరు సరిచేసి మీ పేరు వదిలేశారు. రెండు పేర్లే ఉన్నాయి. పదండి, ఇప్పుడే టెలిగ్రాం ఇద్దాం." గొడుగు కూడా అందుకున్నాడు.

"కూర్చోండి. పొరపాటు కాదు, నేనే తీసెయ్యమన్నాను."

"ఎందుకు?"

"ప్లాంటు స్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం వచ్చింది. సోమవారం జాయినవుతున్నాను. నన్నెవరూ పోషించక్కర్లేదు. ఇంట్లో రెండు రోజులు అలిగారు, మూడో రోజు ఒప్పుకున్నారు. రెండో కారణం మాత్రం చెప్పలేదు."

"రెండోది ఏంటి?"

"ఇన్ని కాగితాల్లో ఒక్క తప్పు వదలని మనిషికి, నా మొహం చదవడం రాదా?"

బయట వాన గట్టిగా పట్టుకుంది. మురళీధర్ గొడుగు పక్కన పెట్టాడు.

"వచ్చు. చదివి నెలయింది. మీ ప్రయాణానికి కాగితాలు చేస్తున్నవాణ్ణి, ఆగిపొమ్మని ఎలా అడగను? అడిగాక ఏ కాగితం అటూ ఇటూ అయినా, కావాలని చేశాననుకునేవారు."

"కాగితాలన్నీ అయిపోయాయి. ఇప్పుడు అడగండి."

"ఉండిపోండి," అన్నాడు. టేబులు మీది కాగితాలు పక్కకి నెట్టి, "నాతో," అన్నాడు.

"ఉంటాను," అంది ఛాయ. "నాన్నకి నేనే చెప్తాను, ఢిల్లీ నుంచి వచ్చాక. ఆయనకి ఇప్పుడు ఇంటర్వ్యూ భయం ఒక్కటే చాలు."

ఢిల్లీలో అమ్మానాన్నల మాటలు ఇంగ్లీషులో చెప్పడానికి ఛాయ కూడా లోపలికి వెళ్ళింది. తెల్లజుట్టు ఆఫీసరు నిదానంగా ఒక్కో కాగితం తిప్పాడు. అడగాల్సినవన్నీ అడిగి, ఫైలు మూసి, ఇంత పద్ధతిగా ఎవరు తయారుచేశారని మెచ్చుకోలుగా అడిగాడు.

ఛాయ నోరు తెరిచేలోగా నరసింగరావు నిటారుగా కూర్చున్నాడు. "మై సన్-ఇన్-లా, సర్."

ఛాయ చెవులు ఎర్రబడ్డాయి. తల్లి వైపు చూసింది. జోగమ్మ ఏమీ ఆశ్చర్యపోలేదు, తీరిగ్గా పైట సర్దుకుంటోంది.

"నాన్నా, ఇక్కడ నిజమే చెప్పాలి," అని గొణిగింది ఛాయ.

"నిజమే సెప్పేనమ్మా. పెళ్ళి తారీకొక్కటే తేలాల."

ఆయన ఏమంటున్నారని ఆఫీసరు అడిగాడు. అంత సేపూ తడుముకోకుండా ఇంగ్లీషు మాట్లాడిన ఛాయ, ఆ ఒక్క వాక్యాన్ని రెండుసార్లు తప్పుగా మొదలుపెట్టి, మూడోసారికి చెప్పింది.