అమ్మమ్మకు వీడ్కోలు పాట

ఉన్ని గుడారం పైకప్పు మధ్యనున్న కన్నంలోంచి పొద్దుటి వెలుగు పాలధారలా జారుతోంది. అందులో పొగ మెల్లగా సుడులు తిరుగుతోంది. తొమ్మిదేళ్ల బెర్మెత్ దాన్నే చూస్తూ కూర్చుంది. తెర వెనక అమ్మమ్మ పడుకుని ఉంది. ఇక లేవదని నిన్న చెప్పారు.

అమ్మ ఆచారం ప్రకారం గోడవైపు తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని కూర్చుని వీడ్కోలు పాట పాడుతోంది.

"తొలిమంచులా తెల్లనిదానా, అమ్మా,
నీ ఒడి నాకు వెచ్చని లోయ, అమ్మా..."

 అమ్మ బుగ్గల మీద కన్నీళ్లు ధార కట్టాయి. అమ్మ ఏడవడం బెర్మెత్ ఎప్పుడూ చూడలేదు. గబగబా వెళ్లి అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"పాడకమ్మా! పాడితే నీకు ఏడుపొస్తోంది!"

పాట ఠక్కున ఆగిపోయింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నివ్వెరపోయారు. జూరా అత్త బెర్మెత్‌ని బయటికి తీసుకెళ్లింది.

బయట మంచు తెరలో గుర్రాలు మబ్బుల మీద నడుస్తున్నట్టున్నాయి.

"అమ్మ ఏడుపు ఆపుదామనుకున్నా అత్తా, అంతే!"

"ఆగిందేమో చూడు."

బెర్మెత్ తొంగిచూసింది. అమ్మ మోకాళ్ల మీద తల ఆనించుకుని ఉంది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

"ఆగలేదత్తా... ఇంకా ఎక్కువైంది."

"మరి! మీ అమ్మమ్మ ఎట్లాంటి మనిషో నోరారా చెప్పి పంపాలని కూర్చుంది, పిచ్చిపిల్లా. మధ్యాహ్నం తీసుకెళ్లిపోతారు. మళ్లీ చెబుదామంటే వినడానికి ఆవిడ ఉండదు."

ఇంతలో డెక్కల చప్పుడు వినిపించింది. కొండ అవతలి చుట్టాలు వస్తున్నారు. వచ్చేవాళ్లకు పోయినావిడ కూతురి పాట వినబడాలి, అది ఆచారం. అమ్మ తలెత్తి నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు.

బెర్మెత్ లోపలికి పరుగెత్తింది. అమ్మ పక్కనే గోడవైపు తిరిగి కూర్చుని, నడుం మీద చేతులు పెట్టుకుంది. అందరూ తనవైపే చూస్తుంటే సిగ్గేసింది. కళ్లు మూసుకుంది.

"చలికి వణికే మేకపిల్లని
కోటులో దాచావు, అమ్మమ్మా..."

తర్వాత ఏం పాడాలో తోచలేదు. అంతలో పక్కనుంచి బొంగురు గొంతు అందుకుంది.

"డొక్కలో అది తంతూ ఉన్నా
దించలేదు నువ్వు, అమ్మా..."

అమ్మ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే పాడింది. బెర్మెత్ ఇంకొంచెం దగ్గరికి జరిగి గొంతు కలిపింది.