బియ్యం రేకులు ఎండే మిద్దె

ఆ పొద్దున పడమటి గుట్ట మీద గొర్రెపిల్లంత మబ్బు లేచింది. సద్ది తాగే పొద్దుకు అది మందయింది! పుట్టపర్తి చివరి వీధిలో ప్రతివాళ్లూ గడప దాటి వచ్చి తలెత్తి చూశారు, చేతులు జోడించారు... మిద్దె మీద నిలబడ్డ సరళ మాత్రం భయంతో చూపు దించుకుంది.

ఆమె చుట్టూ వెదురు తడికల మీద బియ్యం రేకులు ఆరుతున్నాయి. కుండ మూతికి కట్టిన గుడ్డ మీద బియ్యప్పిండి పలచగా పోసి, ఆవిరికి ఉడకనిచ్చి, వెదురు పుల్లతో చిరగకుండా లేపి పరిచినవి. కింద వాళ్లింటి వీధి గదిలో వియత్నాం హోటలుంది. ఆశ్రమం చూడవచ్చి ఈ ఊళ్లోనే ఉండిపోయిన లాన్ అనే వియత్నాం ఆవిడ ఆ గది అద్దెకు తీసుకొని పెట్టింది. తల్లికి బాగాలేదని తన దేశం పోతూ, "సరళా, నీ చెయ్యి మంచి. పొయ్యి ఆర్పొద్దు" అని వచ్చీరాని తెలుగులో చెప్పి తాళంచెవి చేతిలో పెట్టింది. పుదీనా, కీరకాయ, సన్న సేమ్యా ఈ రేకుల్లో చుట్టి, చెనక్కాయ విత్తులు నూరిన చట్నీలో అద్దుకొని తింటారు. అమావాస్యకూ పున్నమికీ వాళ్ల దేశంలోనూ ఇట్లా మాంసం లేకుండానే తింటారట. మొదట తెల్లదొరలే వచ్చేవాళ్లు, ఇప్పుడు ఆటోల వాళ్లు కూడా మరిగారు. రేకు తడిసిందా, గంజే! ఎండ లేకపోతే ఆ హోటలే లేదు.

అయినా సరళ భయం రేకుల గురించి కాదు...

పోయిన నెలలో ఇట్లాగే మబ్బు పట్టింది. ఆ దినం కూడా తడికల నిండా రేకులు. "స్వామీ! ఈ ఒక్క పొద్దూ ఆగు" అని మొక్కుకుంది. మబ్బు కదిరి దిక్కుకు తేలిపోయింది. పోయింది పోయిందే! మళ్లీ చుక్క లేదు. చేలో చెనక్కాయ ఊడలు దిగే వేళకు నేల పెంకైంది. ఊడ మొన మట్టిలోకి దిగితేనే కాయ, అది దిగలేక గాలిలోనే నల్లబడుతోంది. భర్త లక్ష్మీపతి చేనికి పోయి గట్టు మీద ఊరికే కూర్చొని వస్తాడు. కంచంలో ముద్ద కలుపుతాడు, కలుపుతూనే ఉంటాడు, చెయ్యి కడుక్కుంటాడు. ఆ నీళ్ల చప్పుడు విన్నప్పుడల్లా సరళ తనలో తానే అనుకునేది. నేనే కదా... ఈ ఇంటి కూడు తీసింది నా నోరే కదా! ఎవరితో చెప్పుకుంటుంది?

"ఏమ్మా సరళా!" వీధిలోంచి మారెప్ప కేకేశాడు. ఆయన చేను వీళ్ల చేను పక్కదే. "ఇటుకలు తడవకుండా బట్టీల వాళ్లు వానను కట్టేస్తారని విన్యాము. మీ మిద్దె మీద తెల్లగా చక్రాలు పరిచినావే! ఈ మబ్బును గూడా తరిమేస్తావా యేమి?"

నలుగురూ నవ్వారు. ఒకరిద్దరు నవ్వలేదు. సరళ కళ్లు ఆ నవ్వని ముఖాల మీదే ఆగిపోయాయి.

గడపలో కూర్చున్న అత్త నల్లమ్మ లేచింది. "ఏమప్పా మారెప్పా! మొన్న పళ్లెం నిండా రేకు చుట్టలు మింగినప్పుడు ఆ చక్రాలు నీ గొంతులో అడ్డం పడలేదే! పో, పో!"

మొదటి చినుకు సరళ ముంజేతి మీద పడింది. రెండోది ఒక రేకుకు బొక్క చేసింది. వంగి తడిక ఎత్తబోయి, చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎత్తితే వానను వద్దన్నట్టే! చినుకులు చిక్కబడ్డాయి. రేకులు కరిగి తడికల సందుల్లోకి జారుతున్నాయి. సరళ కళ్లు మూసుకుంది. "పోనీ... అన్నీ పోనీ... నువ్వు మాత్రం పోవద్దు తల్లీ!"

"మే సరళా! మతి పోయిందా? ఎత్తు!" తలమీద గోనెసంచి కప్పుకొని, మోకాళ్లు పట్టుకుంటూ నల్లమ్మ మెట్లెక్కి వచ్చింది.

"వద్దత్తా! ముట్టుకోవద్దు!" సరళ ఆమె చేతులు పట్టేసుకుంది. "పోయిన నెల వానను ఆపింది నేనే! వద్దని మొక్కుకుంటిని అత్తా... నీ కొడుకు కూడు నేనే తీసినా..."

నల్లమ్మ చేతులు విడిపించుకొని కోడలి ముఖం తన వైపు తిప్పుకుంది. ముడతల వెంట నీళ్లు కారుతున్నాయి. అవి వాన నీళ్లో, కన్నీళ్లో!

"ఓసి పిచ్చిదానా! కాపురానికొచ్చిన కాడ్నుంచి రా తల్లీ, రా తల్లీ అని మొత్తుకుంటాండా. నా మాట ఒక్క తూరైనా వినిందా? నిన్న గాక మొన్న వచ్చినదానివి, నీ మాట వింటాదా వాన?" ఆమె కోడలి చెంప తుడిచింది. "ఇంత దిగులు ఒక్కదానివే మోస్తాంటివా అమ్మా..."

గోనెసంచి తీసి కోడలి తలమీద కప్పింది. "పట్టు ఆ తడిక కొస!"

మధ్యాహ్నం దాకా వాన కొడుతూనే ఉంది. లక్ష్మీపతి మోకాళ్ల దాకా బురదతో వచ్చి, వాకిట్లోనే నిలబడి, "చేలో తడి బెత్తెడు దిగినాది" అన్నాడు. అంతే.

హోటలుకు ఎవరూ రాలేదు. మిగిలిన రేకులు మెత్తబడ్డాయి, రేపటికి ఆగవు. సరళ వాటిని పుదీనాతో, చట్నీతో బల్ల మీద పెట్టింది. "తడిగుడ్డ నమిలినట్టుంటాది, నాకొద్దు" అని ఇన్నాళ్లూ మూతి తిప్పిన నల్లమ్మే ముందుగా పళ్లెం లాక్కుంది. ఆమె చుట్టిన చుట్ట విడిపోయి ఆకులు రాలాయి. ఏరుకొని తింది. లక్ష్మీపతి ఒకటి తిన్నాడు. సరళ ఆ చేతినే చూస్తోంది. ఆ చెయ్యి చెంబు వైపు పోలేదు... ఇంకో రేకు అందుకుంది.

సరళ ఏదో అనబోయింది. నల్లమ్మ నోటి మీద వేలు పెట్టుకొని, గడ్డంతో ఆకాశం వైపు చూపింది. మాట్లాడితే వాన ఎక్కడ ఆగిపోతుందోనని... ముగ్గురూ తలలు వంచుకొని, మిద్దె తూము నీళ్ల చప్పుడు వింటూ తిన్నారు.