అమ్మ సంచిలో ఏముంది?

ఆ శనివారం పొద్దున ఇంకేరి కాఫీ కాచుకుని, యాలకుల బన్ను తుంచి నోట్లో పెట్టుకోబోతుండగా కూతురు ఔతి వచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పి మంచు దులుపుకుంటూనే, "అమ్మా, నీతో మాట్లాడాలి" అంది. ఆ గొంతు వినగానే ఇంకేరికి బన్ను సహించలేదు.

"ముందు కాఫీ తాగు. వాలకం చూస్తే నన్ను కోర్టుకీడ్చేలా ఉన్నావు."

"హాస్యం కాదమ్మా. సోమవారం వృద్ధుల సంరక్షణ ఆఫీసు నుంచి ఒకావిడ వస్తోంది. నువ్వు ఒంటరిగా ఉండగలవో లేదో చూడ్డానికి. నేనే పిలిచాను."

ఇంకేరి కప్పు ఠక్కున కింద పెట్టింది. "నాకేమొచ్చిందే? ఇందాకేగా మెట్ల మీది మంచునంతా ఎత్తిపోశాను!"

ఔతి ఫోను తీసి బల్ల మీద పెట్టింది. వాళ్ల సహకార దుకాణంలో ఇంటిల్లిపాదికీ ఒకటే సభ్యత్వం. ఎవరు కార్డు చూపించి కొన్నా పాయింట్లు ఒకేచోట పడతాయని, భర్త పోయాక ఇంకేరి కూడా కూతురి సభ్యత్వంలోనే చేరింది. ఆ ఊళ్లో అందరూ చేసే పనే. కాకపోతే ఎవరేం కొన్నారో కూడా కూతురి ఫోనులో కనబడుతుందని ఆమెకు తట్టలేదు.

"మూడు నెలలుగా వారం వారం పెద్దవాళ్లు వాడే డైపర్లు కొంటున్నావు. నాతో ఒక్క ముక్క చెప్పావా? మొన్న దుకాణం వాళ్లే వాటి మీద తగ్గింపని నాకు సందేశం పంపారు! ఏదో యంత్రానికి తెలిసింది, కన్నకూతురికి తెలియలేదు. నాకెంత ఏడుపొచ్చిందో తెలుసా?"

ఇంకేరి ముఖం జేవురించింది. అవి ఎదురింటి లెంపివి. లెంపి కార్డు ఆవిడ కొడుకూ కోడళ్ల సభ్యత్వంలో ఉంది. "వాళ్ల కంటపడితే సిగ్గుతో చస్తానే. నువ్వే తెచ్చిపెట్టు, ఎవరికీ చెప్పకు" అని ఆవిడ చేతులు పట్టుకుంది. ఇంకేరి సరేనని మాటిచ్చి, దుకాణంలో అలవాటు కొద్దీ తన కార్డు చూపించింది.

"అవి నావి కావు."

"మరెవరివి?"

"చెప్పను."

"ఇలా అంటే నేనెలా నమ్మను? పేరు చెప్పు, ఇప్పుడే ఆవిణ్ణి రావద్దంటాను."

ఇల్లు వదలాల్సి వస్తుందేమోనని ఇంకేరికి భయమేసింది. లెంపి పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"చిన్నప్పుడు నీ సొరుగు నేనెప్పుడైనా తెరిచానా? దానికి తాళం కూడా లేదు. భయం లేకనా? నిద్ర పట్టేది కాదే నాకు! అయినా తలుపు తట్టి అడిగేదాన్ని. చెబితే వినేదాన్ని, చెప్పకపోతే ఊరుకునేదాన్ని. నన్నూ అలాగే అడుగు, నా సంచి మాత్రం వెతక్కు. సోమవారం ఆవిణ్ణి రానీ, కాఫీ ఇస్తాను. పేరు మాత్రం నా నోట రాదు."

ఔతి కళ్లు నిండిపోయాయి. "నీకేమైనా అయితే నాకు తెలియదేమోనని భయమమ్మా. నాన్నకి బాగాలేదని ఆఖరిదాకా తెలిసిందా మనకి?"

"అందుకే అడగమంటున్నానే, పిచ్చిదానా."

"అయితే అడుగుతున్నా. ఒంట్లో ఎలా ఉంది?"

"మోకాలు నొప్పి. అంతకుమించి ఏదొచ్చినా ముందు నీకే చెబుతాను. ఒట్టు."

ఔతి కళ్లు తుడుచుకుని, సోమవారం రానక్కర్లేదని ఆ ఆఫీసుకు సందేశం పెట్టింది.

మధ్యాహ్నం ఇద్దరూ దుకాణానికి వెళ్లారు. ఇంకేరి కాఫీపొడి, నల్లరొట్టె, పొగబెట్టిన చేప తీసుకుంది. చివరికి కూతురు చూస్తుండగానే డైపర్ల కట్ట కూడా తెచ్చి కౌంటరు మీద పెట్టింది.

"కార్డుందా?" అందరినీ అడిగినట్టే అడిగింది కౌంటరులో అమ్మాయి.

ఇంకేరి చెయ్యి అలవాటుగా పర్సులోకి పోయింది. ఔతి ఆ చేతిని మెల్లగా పట్టుకుంది.

"లేదు. మా అమ్మకి కార్డు లేదు" అంది.

ఆ పైన డైపర్ల కట్టను తనే సంచి అడుగున పెట్టి, ఎవరికీ కనబడకుండా దాని మీద రొట్టె సర్దింది.