మంచినీళ్ల పడవ

ఆకివీడులో వాన కాస్త తెరిపిచ్చింది. సేవాసంస్థ గోడౌన్ ముందు ఆటోలోంచి మంచినీళ్ల సీసాల కేసులు దింపుతున్నారు. నర్సు ప్రీతి వసారాలో కూర్చుని మందుల పెట్టె సర్దుకుంటోంది. ఆమెది తాడేపల్లిగూడెం. ఈ సంస్థలో చేరాక ఇది రెండో వానాకాలం.

"టీ తాగేసి బయల్దేరదామండీ" అన్నాడు ఫణీంద్ర. ఈ ప్రాంతంలో సంస్థ పనులన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి. వరదలోనూ నలగని చొక్కా, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడే మనిషి.

"ఇవాళ ఏ లంకకండీ?"

"గువ్వలలంక."

నోటి దాకా వెళ్లిన టీ గ్లాసు ప్రీతి కింద పెట్టేసింది.

"నేను రాలేనండీ అక్కడికి."

ఫణీంద్ర చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "కిందటేడు అయిందేదో అయిపోయింది. దాని గురించి ఎక్కడా నోరెత్తకూడదని అనుకున్నాం కదా. మీరు రాకపోతేనే నలుగురూ అడుగుతారు."

ప్రీతి పెట్టె తీసుకుని లేచింది.

కిందటేడు వరదలో కొల్లేటి లంకలన్నీ మునిగాయి. చుట్టూ సముద్రంలా నీళ్లు, తాగడానికి చుక్క లేదు. మంచినీళ్ల ప్లాంటు దగ్గర ట్యాంకర్లు బారులు తీరి ఉంటే అంతసేపు ఆగడం దేనికని, ఫణీంద్ర దారిలో ఉన్న చేపల చెరువులోంచే డ్రమ్ములు నింపించాడు. కోళ్ల వ్యర్థాలు మేపే చెరువు అది. చేపలకి తెగులొస్తే ముందురోజే మందు కొట్టారు. గువ్వలలంకలో కనకమ్మ అనే ముసలమ్మ ఆ నీళ్లు వాసన చూసి, "నీచు కొడుతున్నాయి బాబూ, ఇంట్లో బాలింత ఉందండీ" అంది. "ఊరికే ఇస్తుంటే వంకలు పెడతారేంటి? తాగితే తాగండి, లేకపోతే మానండి" అన్నాడతను, అందరి ముందూ.

తాగారు. మరేం చేస్తారు? వాంతులు, విరేచనాలు. ముందు కోడలు సాయిదుర్గ పోయింది. తర్వాత పసిగుడ్డు. ఆ తర్వాత కనకమ్మ. వరద జబ్బన్నారు. ఆ నీళ్ల సంగతి ప్రీతికి తెలుసు. ఉద్యోగం పోతుందన్న భయంతో ఊరుకుంది.

పడవ నడిపేది యాకోబు, గువ్వలలంకవాడే. పెద్దవాడు, పెద్దగా మాట్లాడడు. ఇంజను టపటపమంటుంటే గుర్రపు డెక్కను చీల్చుకుంటూ పడవ సాగింది. మబ్బు కిందికి దిగి, పట్టపగలే దీపాలు పెట్టుకునే పొద్దులా ఉంది. కుళ్లిన డెక్క వాసన. బురద వాసన. గట్లు తెగిన చెరువులు దాటాక పిట్టల అరుపులు కూడా ఆగిపోయాయి.

లంక మొదట్లో ఒక ఇల్లు, సగం దాకా మునిగి ఉంది. మెట్ల మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పాదాలు నీళ్లలో ఉన్నాయి. చేతిలో స్టీలు గ్లాసు.

"అయ్యో, ఈవిడ ఇక్కడే ఉండిపోయిందేంటి? పక్కన ఆపండి" అన్నాడు ఫణీంద్ర.

యాకోబు ఆపలేదు. ఇంజనే ఆగిపోయింది. పడవ తనంతట తనే మెట్ల వైపు జరిగింది.

"చూడకండి నర్సమ్మగారూ" అని గొణిగాడు యాకోబు. "అది... సాయిదుర్గ ఇల్లు."

ప్రీతి అప్పటికే ఆ మొహాన్ని గుర్తుపట్టింది.

ఆ రోజు ఫణీంద్ర చాలామందిని కసిరాడు. అందులో ఒక మొహం గుర్తుంటుందా? అతను మెట్టు మీద కాలు పెట్టి, సీసా మూత తిప్పాడు.

"మంచినీళ్లు కావాలామ్మా?"

"ఇప్పించండి బాబూ" అంది ముసలమ్మ. మెత్తటి గొంతు. "కానీ ముందు మీరు తాగి ఇవ్వండి."

"నేనా?" నవ్వాడు. "కంపెనీ సీసా అమ్మా ఇది."

"మీరు తాగి ఇవ్వండి బాబుగారూ."

సరేనని ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు. ఉమ్మేయబోయాడు. కానీ గొంతు దానంతటదే మింగింది. చెయ్యి దానంతటదే సీసాని మళ్లీ నోటికెత్తింది...

"ఇంకొంచెం తాగండి. లోపల బాలింత ఉంది. అదీ తాగాలి కదండీ... ముందు మీరు."

ఖాళీ సీసా నీళ్లలో పడింది. అతను పడవలోకి వంగి ఇంకోటి అందుకున్నాడు. తర్వాత ఇంకోటి. మూతలు పళ్లతో కొరికి తీస్తున్నాడు. గుటకల చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. మునిగిన ఇంటి లోపల్నుంచి, నీళ్ల అడుగునుంచి... సన్నగా పసిబిడ్డ ఏడుపు.

ప్రీతి అతని చేతిలో సీసా లాగేసింది. చూస్తే నీళ్లు తేటగానే ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది.

నీచు. మందు కంపు.

ముసలమ్మ మొదటిసారి ఆమె వైపు తిరిగింది. కళ్లు చేప కళ్లలా ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

"మీకు తెలుసు కదమ్మా" అంది. అంతే.

ఇంజను టపటపమంటూ మళ్లీ అందుకుంది. మెట్ల మీద ఎవరూ లేరు. ఫణీంద్ర పడవలోకి కూలబడి, "దాహం..." అన్నాడు.

ఒడ్డుకి చేరేదాకా అదే మాట. పడవలో కేసులన్నీ తాగేశాడు. అయినా పెదాలు బీటలు వారుతున్నాయి. ప్రీతి అతని చేతి మీద చర్మం పట్టుకుని వదిలింది. లేచిన మడత లేచినట్టే ఉండిపోయింది. ఒంట్లో నీళ్లు ఇంకిపోయిన రోగులకి అలా ఉంటుంది. సాయిదుర్గ చేతి మీదా అలాగే ఉండిపోయింది.

ఏలూరు ఆసుపత్రిలో డాక్టరు చూసి నిర్ఘాంతపోయాడు. "ఎన్నాళ్లయిందండీ ఈయన నీళ్లు తాగి?"



సెలైన్ ఎక్కించారు. ఆమె మంచం పక్కనే కూర్చుంది. కాసేపటికి సీసా వైపు చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది.

సీసాలో నీళ్లు తగ్గటం లేదు.

పెరుగుతున్నాయి.

చేతిలోంచి గొట్టం గుండా పైకి... మెల్లగా... పాకుడు రంగు నీళ్లు. ఫణీంద్ర కళ్లు లోపలికి పోయాయి. బుగ్గలు ఎండిన తాటాకులా ముడుచుకున్నాయి. ప్రీతి సూది పీకేసి, నర్సుల కోసం కేక పెట్టింది. వాళ్లు పరిగెత్తుకొచ్చేసరికి సీసా అంచు దాకా నిండి ఉంది. అతను లేడు.

మర్నాడు దహనం అయింది. మంట అంటుకోవడానికి క్షణం పట్టలేదని, ఎండుగడ్డిలా కాలిపోయాడని అనుకున్నారు.

ప్రీతి తాడేపల్లిగూడెంలో అమ్మ దగ్గరికి వచ్చేసింది. తలుపులు వేసుకుని పడుకుంది. తెల్లారి నిజం చెప్పేద్దామనుకుంది. పోలీసులకైనా, సంస్థ పెద్దలకైనా. తెల్లారింది. ఇవాళ కాదు, రేపు చెబుదాంలే అనుకుంది.

అప్పుడే ఫోను మోగింది. యాకోబు.

"నర్సమ్మగారూ... ఆ బాబుగారు పోయారన్నారు కదండీ?"

"పోయారు యాకోబుగారూ. నిన్న దహనం కూడా చేసేశారు."

"మరి ఇక్కడున్నారమ్మా."

అవతల నీళ్లు కదులుతున్న చప్పుడు. ఎవరో నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ నడుస్తున్నట్టు.

"ఇంటింటికీ వస్తున్నారు. గుక్కెడు ఇప్పించండి అని చెయ్యి చాస్తున్నారు. ఎవరూ ఇవ్వట్లేదమ్మా. నేనూ ఇవ్వను."

ప్రీతి మంచం మీంచి లేచి కూర్చుంది.

"ఒక్కరే కాదమ్మా." యాకోబు గొంతు ఇంకా తగ్గింది. "వెనకాల వరస కట్టి ఉన్నారు. మా లంకవాళ్లు కారు. ఎక్కడివాళ్లో తెలియట్లేదు. అందరి చేతుల్లోనూ ఖాళీ గిన్నెలు. ఆఖర్న ఒకావిడ ఉంది... మెళ్లో మీ సంస్థ కార్డు ఉందండీ. తల వంచుకుంది, మొహం ఆనట్లేదు."

నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"అమ్మా... మీరు ఇంటి దగ్గరే ఉన్నారు కదా?"