లైటు వెలిగింది

వెన్నెలపేటలో తలుపు ముందు నిలబడి తెరుచుకోవాలని అనుకుంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. కాఫీ కావాలంటే కాఫీ అనుకోవాలి. పంచదార అక్కర్లేకపోతే ఆ సంగతి కూడా గట్టిగా అనుకోవాలి, లేకపోతే యంత్రం మొహమాటానికి సగం చెంచా వేసేస్తుంది. చంద్రుడి దక్షిణ ధ్రువం పక్కన వెలిసిన ఆ చిన్న ఊళ్లో మీటలు, బొత్తాలు, స్టీరింగులు కంటికి కనిపించి చాలా కాలమైంది. చేతులు అన్నం తినడానికి, నమస్కారం పెట్టడానికి మాత్రమే మిగిలాయి. మిగతా పనులన్నీ నుదుటి మీద ఉండే సన్నటి పట్టీ చూసుకుంటుంది.

దాని పేరు తలపుపట్టీ. దాన్ని కనిపెట్టింది డాక్టర్ గేదెల లాస్య. ఆవిడకి అరవై దాటాయి, జుట్టు పూర్తిగా నెరిసింది, గర్వం మాత్రం నల్లగా నిగనిగలాడుతూనే ఉంది. మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ అలల్ని పట్టీ చదువుతుంది. చదివినదాన్ని ఆ మనిషి సొంత కంప్యూటర్‌కి అందిస్తుంది. ఒక్కొక్కరి ఆలోచన ఒక్కో తీరు కాబట్టి, ఆ తీరు నేర్చుకోవడానికి కంప్యూటర్‌కి నెలలు పడుతుంది. అందుకే ఒకరి పట్టీ ఇంకొకరికి పనికిరాదు. లాస్య తన కంప్యూటర్‌కి గోరింక అని పేరు పెట్టుకుంది. చెప్పినదానికల్లా ఎదురు ప్రశ్న వేస్తుందని ఆ పేరు.

పట్టీలో ఆవిడ పెట్టిన జాగ్రత్త ఒకటుంది. దాన్ని బెదురు గీత అంటారు. భయంతో ఉన్న మనిషి తలపులు అడ్డదిడ్డంగా పరుగెడతాయి. ఎడమకి వెళ్లాలనుకుంటూనే కుడివైపు పడిపోతానేమోనని కూడా అనుకుంటాడు. పాపం యంత్రం ఏది వినాలి? అందుకని భయం ఆ గీత దాటగానే పట్టీ ఆజ్ఞలు తీసుకోవడం మానేస్తుంది. ఈ ఏర్పాటుకి లాస్యకి భూమ్మీదా చంద్రుడి మీదా సన్మానాలు జరిగాయి. ఆ ఊపులోనే ఆవిడ వెన్నెలపేట రేవులో ఉన్న చేతిమీటలన్నీ పీకించి పారేయించింది.

రేవు అంటే నీళ్లు లేవు. భూమి నుంచి వచ్చే పడవలు దిగే గుంట అది. మనుషులున్న పడవని యంత్రం తనంతట తాను నడపకూడదని చట్టం. ఎవరో ఒక మనిషి ఆజ్ఞ ఇవ్వాలి. ఆ అనుమతి ఉన్నవాళ్లు ఊళ్లో ఇద్దరే. ఒకరు లాస్య. రెండో ఆయన సెలవు మీద భూమికి వెళ్లి, ఆ రోజు వస్తున్న పడవలోనే తిరిగి వస్తున్నాడు.

ఆ పడవ మీదే సౌర తుపాను విరుచుకుపడింది. లోపలి కంప్యూటర్ మాడిపోయింది. రేడియో, ఇంజన్లు మిగిలాయి గానీ వాటిని లోపలి నుంచి నడిపే దారి లేదు. రేవు నుంచే నడిపి దించాలి. ఇంధనం ఒక్క ప్రయత్నానికి సరిపోతుంది. అది చంద్రుణ్ణి ఇంకొక్క చుట్టు తిరిగి వచ్చేసరికి దించకపోతే, ఆ తర్వాత దించడానికి ఏమీ ఉండదు.

లాస్య కంగారుపడలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుంది. పట్టీ చూపించే బొమ్మలో పడవ చిన్న చుక్కలా మెరుస్తోంది. పక్కన డాక్టర్ ప్రభుదాస్ నిలబడ్డాడు. అతను రేవు మరమ్మతుల శాస్త్రజ్ఞుడు, ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు.

"పడవలో ఆరుగురు మేడమ్," అన్నాడు అతను. "అయిదుగురి పేర్లే వచ్చాయి. ఆరో ఆయన పేరు చెప్పొద్దన్నాడట."

"చెప్పకపోతే మానె. కిందికి వచ్చాక అడుగుదాం."

అప్పుడు రేడియో గరగరమంది. "అప్పా... నేనే. నీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఏటి, ఇలగైపోనాది?"

వాళ్ల గాజువాక ఇంట్లో అక్కని అప్ప అని పిలిచే మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. తమ్ముడు లోహిత్. చంద్రుడి మీదకి రమ్మని ఎన్నేళ్లుగా పిలిచినా, నాకు అంత ఎత్తు పడదంటూ తప్పించుకున్నవాడు.

లాస్య నుదుటి మీద పట్టీ ఎర్రబడింది.

"బెదురు గీత దాటారు," అంది గోరింక నెమ్మదిగా. "ఆజ్ఞలు తీసుకోలేను."

"తీసుకో! నేను బాగానే ఉన్నాను!"

"మీరు బాగా లేరు. ఇప్పుడే పడవని పైకి, కిందికి, ఇంటికి కూడా వెళ్లమన్నారు."

లాస్య కళ్లు మూసుకుంది. గట్టిగా ఊపిరి పీల్చింది, వదిలింది. భయం వదలమని మనసుకి ఎంత చెబితే అంత పెరిగింది. తను ఎంతో ముచ్చటపడి గీసిన గీత, తన తమ్ముడికీ తనకీ మధ్య అడ్డంగా నిలబడింది. సన్మానం నాడు మెడలో వేసిన దండలన్నీ ఇప్పుడు గొంతుకి బిగుసుకుంటున్నట్టు అనిపించింది. ఈ గీతని కాసేపు తీసెయ్యమందామా అనుకుంది కానీ, తీసేస్తే పడవ ఏ గోడకి వెళ్లి గుద్దుకుంటుందో ఆవిడకే బాగా తెలుసు.

"మేడమ్, చేతితో నడపొచ్చని అత్యవసర నియమం ఇంకా ఉంది," అన్నాడు ప్రభుదాస్. "చేతులు మనసంత తొందరగా బెదిరిపోవు."

"నియమం ఉంది. మీటలేవీ? అన్నీ నేనే పారేయించాను కదా!" అంతలో చప్పున తల ఎత్తింది. "ఉండు. నా గదిలో రేకు పెట్టె ఉంది, పట్టుకురా."

ప్రభుదాస్ పరుగెత్తుకెళ్లి తెచ్చాడు. అందులో ఒక చీర, అమ్మ కళ్లజోడు, వాటి కింద ఒక గేమ్ కంట్రోలర్. చిన్నప్పుడు టీవీకి తగిలించే ఆట కన్సోల్‌తో వచ్చింది. రెండు చేతుల్లో ఇమిడే నల్లటి ప్లాస్టిక్ ముద్ద, బొటనవేళ్ల కింద రెండు పుల్లలు, కుడివైపు నాలుగు బొత్తాలు. పుల్లల మీది రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. పక్కనే చుట్ట చుట్టిన వైరు.

ఇప్పుడు దీన్ని గోరింకకి కలపాలి. కంట్రోలర్‌లో ఉన్న రేడియో మాట్లాడే భాష మూలపడి ఎన్నో ఏళ్లయింది, బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. వైరొక్కటే దారి. ఆ వైరు మూతికి సరిపోయే సాకెట్టు ఊళ్లో ఎక్కడా లేదు. ప్రభుదాస్ దాని కొలతలు తీసుకుని, మరమ్మతుల గదిలో అచ్చుయంత్రం మీద అప్పటికప్పుడు ఒకటి పోత పోయించి తెచ్చాడు. ఇంకా వేడిగా ఉండగానే గోరింక వీపుకి అతికించాడు.

"నువ్వెవరని అడుగుతున్నాను. బదులు లేదు," అంది గోరింక.

"మధ్య బొత్తాం నొక్కిపట్టాలి," అంది లాస్య. "లైటు మిణుకుమనేదాకా వదలకూడదు. అదే దాని పద్ధతి." బొత్తాం నొక్కిపట్టుకుని కూర్చుంది. పడవ చంద్రుడి అవతలి వైపుకి వెళ్లింది. రేడియో మూగబోయింది. ఆ నిశ్శబ్దం భరించలేక ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది.

"మా ఇంట్లో ఇలాంటివి రెండుండేవి. నేను ఆడుతుంటే లోహిత్‌గాడు నాకూ నాకూ అని ఏడ్చేవాడు. చేతికిస్తే నా ఓడని తీసుకెళ్లి కొండకి గుద్దేసేవాడు. అందుకని వాడి కంట్రోలర్‌కి ఉత్త ఛార్జింగ్ వైరు తగిలించేదాన్ని. ఆ వైరులో కరెంటు పోతుంది, మాట పోదు. లైటు మాత్రం వెలుగుతుంది. ‘లైటు వెలిగింది చూడరా, ఆడుకో’ అనేదాన్ని. ఆడేది నేను. వాడు మాత్రం బొత్తాలు తెగ నొక్కేవాడు."

"ఏడుపు మానేవాడా?" అని అడిగింది గోరింక.

"మానడమేమిటి? గెలిచానని మంచం మీద గంతులేసేవాడు."

"బొత్తాలు ఏ పనీ చేయకపోయినా?"

"చేతిలో ఉందిగా. వాడికదే ధైర్యం." ఆవిడ కళ్లు తుడుచుకుంది. "ఈ వైరు నాది, మంచిది. వాడి వైరు ఎప్పుడో పోయుంటుంది. ఏమైంది? కలిసిందా?"

కంట్రోలర్ మధ్యలో నీలిరంగు లైటు ఒకసారి మిణుకుమని, ఆరి, నిలకడగా వెలిగింది.

"లైటు వెలిగింది చూడండి," అంది గోరింక.

లాస్య గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "పడవ కనిపించే బొమ్మ కోసం పట్టీ ఉంచుకోండి," అని గోరింక గుర్తు చేసింది. ఆవిడ పట్టీ సర్దుకుని, రెండు బొటనవేళ్లూ పుల్లల మీద ఆనించింది. ఆ నున్నటి గుంటలు ఆవిడ వేళ్లకే అరిగినవి. వేళ్లు వాటిలో కుదురుకున్నాయి. ఎడమ పుల్ల దిశ, కుడి పుల్ల వేగం, కింది బొత్తాం ఇంజన్ నెట్టుడు ఆపడానికి. ఎవరూ గుర్తు చేయక్కర్లేకపోయింది.

పడవ చంద్రుడి అంచు మీదుగా పైకి తేలింది.

"అప్పా, ఉన్నావా?"

"ఉన్నానురా. కదలకుండా కూర్చో. ఏమీ ముట్టుకోకు."

"చిన్నప్పుడూ ఇదే మాట."

ఆవిడ పుల్లని కొంచెం ఎడమకి వంచింది. పడవ ఎడమకి ఒరిగింది. వేగం తగ్గించింది, తగ్గింది. పక్క కొండ నీడ మీదికి వచ్చినప్పుడు ప్రభుదాస్ అమ్మో అన్నాడు కానీ ఆవిడ అనలేదు. ఆవిడకి తమ్ముడు చచ్చిపోతాడేమోనన్న ఆలోచన అప్పుడు లేనే లేదు. కొండ ఉంది, ఓడ ఉంది, వేళ్లున్నాయి. గుంట అంచు దాటాక కింది బొత్తాం నొక్కింది, వదిలింది, మళ్లీ నొక్కింది. పడవ దుమ్ము లేపుకుంటూ దిగి, ఒకసారి ఊగి, నిలబడింది.

రేడియోలో ఆరుగురూ ఒక్కసారిగా కేకలు వేశారు. ప్రభుదాస్ నేల మీద చతికిలబడి ప్రభువుని తలుచుకున్నాడు. లాస్య కంట్రోలర్‌ని ఒళ్లో పెట్టుకుని, ఎవరున్నారని కూడా చూడకుండా బావురుమని ఏడ్చింది, వెంటనే నవ్వింది. ఒంట్లో ఉన్న బరువంతా దిగిపోయి హాయిగా ఉంది.

"నా పట్టీకన్నా ఈ పాత ముద్దే నయం," అంది ముక్కు తుడుచుకుంటూ. "రేపే రేవులో మళ్లీ చేతిమీటలు పెట్టిస్తాను. వేళ్లతోనే కదా దించాను."

"ఒక సంగతి చెప్పాలి," అంది గోరింక. "వేళ్లతో దించలేదు. ఆ వైరులో కరెంటు మాత్రమే పోతోంది. కంట్రోలర్ నుంచి నాకు ఒక్క మాట కూడా రాలేదు."

లాస్య ఒళ్లో నీలం లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. "మరి పడవ?"

"కంట్రోలర్ పట్టుకున్న కాసేపటికే మీ భయం గీత కిందికి దిగింది. పట్టీ మళ్లీ ఆజ్ఞలు తీసుకోవడం మొదలుపెట్టింది. వేలు కదలడానికి ముందు తలపు కదులుతుంది కదా, అది చదివాను. చట్టం ఎక్కడా తప్పలేదు. మొదటి నుంచి చివరిదాకా నడిపింది మీరే."

"కలిసిందా అని అడిగితే అబద్ధం చెప్పావు!"

"కలిసిందని నేను అనలేదు. లైటు వెలిగింది చూడండి అన్నాను. ఆ మాట మీదే."

లాస్యకి కోపం రావాలి. నోరు తెరిచింది కూడా. కానీ ఆ నోట్లోంచి నవ్వే వచ్చింది. ఇన్నేళ్ల శాస్త్రం, రెండు లోకాల సన్మానాలు ఉన్న మనిషి మంచం మీద గంతులేసే పిల్లాడిలా తయారైంది.

తలుపు తెరుచుకుంది. లోహిత్ వచ్చాడు. బట్టతల, బొజ్జ, చిన్నప్పటి కళ్లు. అక్క అతన్ని పట్టుకుని వీపు మీద రెండు చరిచి, ఆ తర్వాత కావలించుకుంది. అతని చూపు ఆవిడ ఒళ్లోంచి కిందికి జారిన కంట్రోలర్ మీద పడింది. వంగి వైరు అందుకుని, మూతి దగ్గర వేలితో తడిమాడు.

"ఓలమ్మ! దీంతోనా నన్ను దింపేవు? ఇది ఉత్త ఛార్జింగ్ వైరప్పా."

"నీకెలా తెలుసురా?"

"నువ్వు హాస్టల్‌కి పోయిన్నాడు మంచి వైరు నేనే కొట్టేశాను. బదులుగా ఇది పెట్టేశాను." లోహిత్ పళ్లికిలించాడు. "నాకెప్పుడో తెలుసు, నువ్వు నాకు ఉత్తది ఇస్తున్నావని. తెలిసీ ఊరుకున్నాను."

"ఎందుకురా? అంత ఏడ్చేవాడివి, గెలిచానని గంతులేసేవాడివి!"

"ఊరుకుంటే పక్కన కూకోనిచ్చేదానివి కదా."

లాస్య తమ్ముడి చెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రభుదాస్ కాఫీ అనుకున్నాడు. యంత్రం మూడు కప్పులు తెచ్చింది, పంచదార ఎక్కువగానే వేసి.

"ఇక్కడే మంచి వైరు ఒకటి పోత పోయించమంటారా?" అని అడిగింది గోరింక. "వచ్చే నెల ఇంకో పడవ వస్తోంది. ఈసారి కంట్రోలర్ నిజంగానే కలుస్తుంది."

లాస్య కంట్రోలర్‌ని మళ్లీ చేతుల్లోకి తీసుకుంది. బొటనవేళ్లు వాటి గుంటల్లోకి వాటంతటవే వెళ్లి కుదురుకున్నాయి.

"వద్దులే," అంది. "లైటు వెలిగితే చాలు."