పచ్చచుక్క

మూడో అంతస్తు వరండాలో నడుస్తూ హైమావతి తలుపుల మీది దీపపు చుక్కల్ని చూసుకుంటూ వెళ్లింది. అన్నీ పచ్చగా ఉన్నాయి. చివరి గది ఆమె తమ్ముడు చలపతిది. గుండె ఆపరేషన్ అయ్యాక ఆసుపత్రివాళ్లు అతన్ని ఈ కోలుకునే భవనంలో ఉంచారు. ఆమె టిఫిన్ క్యారియర్‌ని తలుపు కొక్కేనికి తగిలించింది. తలుపు తట్టలేదు. పచ్చచుక్క ఉన్న తలుపును ఎవరూ తట్టరు. పడుకున్నవాళ్లను లేపడం మర్యాద కాదు.

పక్క గది ముందు సింహాచలం పళ్లు తోముకుంటున్నాడు. అతని కూతురు ఆ గదిలో ఉంది.

"పచ్చేనా అక్కా?"

"పచ్చే. మీ పాప?"

"పచ్చే. రాత్రంతా ఒక్కలాగే ఊపిరి తీసిందట, కావలి చెప్పింది. ఆపరేషనయ్యాక ఇంత హాయిగా పడుకోడం ఇదే మొదలు. వాళ్లమ్మకీ ఓ కావలి పెట్టించాలక్కా, గురక పెడితే గంట మోగేలాగ."

"నీకు పెట్టించమని ఆవిడ నన్నడిగింది," అంది హైమావతి.

విశాఖలో ఇప్పుడు బాగున్నారా అని ఎవరూ అడగరు. ఊపిరికావలి వచ్చాక ఆ మాట పోయింది. ప్రతి గది పైకప్పులో అరచేతంత పెట్టె ఉంటుంది. అది సూక్ష్మతరంగాలను కిందికి పంపుతుంది. అవి మనిషి ఛాతీకి తగిలి తిరిగి వస్తాయి. ఛాతీ లేచి పడుతున్నంతసేపూ తలుపు మీద చుక్క పచ్చగా ఉంటుంది. ఆగితే ఎర్రబడుతుంది, గంట మోగుతుంది, ఆసుపత్రి నుంచి ప్రాణవాహనం బయల్దేరుతుంది. ఈ భవనంలో నర్సులు లేరు. అవసరం లేదని తీసేశారు. నాడి ఎలా చూడాలో కాలేజీల్లో నేర్పడం కూడా మానేశారు.

హైమావతి రోడ్డు దాటి తన మేడ ఎక్కింది. ఆమె చేసుకున్న రేడియో పెట్టె అక్కడ పనిచేస్తూనే ఉంది. పాత దుకాణంలో తలుపును దానంతటదే తెరిచే పరికరం నుంచి తీసిన, సూక్ష్మతరంగాలు పుట్టించే డయోడు, ఇత్తడి రేకు కత్తిరించి అతికించిన, తరంగాలు వదిలే కొమ్ము, ఎవరో పారేసిన టీవీ డిష్. సరదాకి రేడియో సంకేతాలు పంపుకునే హామ్ లైసెన్సు ఉన్నవాళ్లు ఇలాంటివి ఇంట్లో చేసుకుంటారు. దాని శక్తితో టార్చిలైటు బల్బు కూడా వెలగదు. ఆ శక్తితోనే సంకేతం భీమిలి కొండ మీదున్న సాటి హామ్ సుందరపాల్ మాష్టారికి చేరాలి. నేరుగా వెళ్లడానికి మధ్యలో కొండలు అడ్డం. అందుకని ఆమె డిష్‌ను ఎదుటి భవనం గోడకు గురిపెట్టింది. గోడకు కొట్టి మళ్లించడం హామ్‌లకు పాత అలవాటే. నిన్న సాయంత్రం మీట పైకి వేసి వదిలేసింది.

ఒకే తీరున మోగే స్వరం హోరులో కలిసిపోతుంది. అందుకని స్వరం మెల్లగా లేచి మెల్లగా పడేలా అమర్చమన్నది మాష్టారే. అలాగైతే తన ముసలి చెవి పట్టుకుంటుందని చెప్పాడు.

కొండ మీది టవరు ద్వారా పనిచేసే హ్యాండ్‌సెట్‌లో ఆయన గొంతు వచ్చింది.

"హైమమ్మా, వస్తోందమ్మా! ఉయ్యాల ఊగినట్టు వస్తోంది. ఓవర్."

"రేకు నాది, తెలివి మీది మాష్టారూ. ఓవర్."

"పొగడకు, నాకసలే బీపీ. ఒక్క నిమిషం ఆపు. ఉత్త హోరు ఎంతుందో కొలుచుకుంటాను."

ఆమె మీట కిందికి లాగింది.

ఎదుటి భవనంలో గంట మోగింది. ఆమె తలెత్తింది. మూడో అంతస్తు చివరి తలుపు మీద చుక్క ఎర్రగా ఉంది. మిగతా తలుపులు ఆమె చూడలేదు. ఏం చేస్తున్నదీ తెలియకుండానే మీట పైకి తోసింది. గంట ఆగింది. చుక్క పచ్చబడింది.

"అప్పుడే వేసేశావేంటమ్మా?"

 స్వరం లేచి పడుతోంది. ఛాతీ కూడా అలాగే లేచి పడుతుంది.

"మాష్టారూ, మన స్వరాన్ని కావలి ఊపిరనుకుంటోంది. ఆపితే... ఆపితే మా తమ్ముడి చుక్క ఎర్రగా ఉంది."



"ఆపెయ్ తల్లీ. ఆపేసి పరిగెత్తు."

ఆమె మీట మీద చెయ్యి వేసింది.  తన చేత్తో ఆపితే తనే తమ్ముణ్ని చంపినట్టు అనిపించింది. చెయ్యి తీసేసింది. మేడ తలుపుకు అలవాటుగా తాళం వేసి మెట్లు దిగింది.

గదిలో చలపతి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నోరు తెరుచుకుని ఉంది. ఒళ్లు వెచ్చగా ఉంది. ఆమె అతని ఛాతీ మీద అరచెయ్యి ఆనించింది. ఏదో కొట్టుకుంటోంది. అది అతని గుండో, తన చేతి వణుకో తెలియలేదు.

గుమ్మంలో సింహాచలం, అతని వెనక నలుగురైదుగురు చేరారు.

"ఏటైందక్కా? గంట మోగింది."

"ఊపిరుందో లేదో తెలీడం లేదు. నీకు చూడ్డం వచ్చా?"

అతను చలపతిని చూడలేదు. తలుపు పైకి చూశాడు. "పచ్చగానే ఉందిగా. పడుకోనీ."

ఆమె ప్రాణవాహనానికి ఫోన్ చేసింది.

"ఆ గదిలో ఊపిరి నమోదవుతోందండీ," అంది అటు గొంతు. "ఇందాక బయల్దేరిన బండిని వెనక్కి పిలిచేశాం. చుక్క ఎర్రబడితే మేమే వస్తాం."

హైమావతి ఫోన్ మంచం మీద పడేసింది. ఇక నిజం చెప్పక తప్పదు. చెప్తే వీళ్లు తనను ఏం చేస్తారో అన్న భయం కూడా కలిగింది.

"అది ఊపిరి కాదు. నా రేడియో. మా మేడ మీద నుంచి ఈ గోడకి కొడుతున్నాను. ఈ వరుస గదులన్నిటికీ తగులుతోంది. నిన్న సాయంత్రం నుంచీ."

 ఆమె సింహాచలం చేతిలో తాళంచెవి పెట్టింది.

"మా మేడెక్కి మీట కిందికి లాగు తమ్ముడూ. ఎర్రబడితే తప్ప బండి రాదు. నేను వీడి దగ్గరుంటాను. నీకు దణ్ణం పెడతాను."

సింహాచలం తాళంచెవి వైపు చూశాడు. "రాత్రంతా ఒక్కలాగే తీసిందక్కా..." అన్నాడు. అతని చేతిలోంచి తాళంచెవి జారింది. కూతురి గదిలోకి పరుగెత్తాడు. గుమ్మంలో మిగతావాళ్లు కూడా లేరు.

హైమావతి తమ్ముడి చెవి దగ్గర నోరు పెట్టి పిలిచింది. మళ్లీ పిలిచింది. తాళంచెవి తీసుకుని, మీట తనే ఆపడానికి వరండాలోకి పరుగు తీసింది.

తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. ఒక్కో తలుపు మీద ఒక్కో పచ్చచుక్క. లోపల ఎవరి మనుషుల్ని వాళ్లు పేరు పెట్టి పిలుస్తున్నారు. కొన్ని గదుల్లోంచి బదులు వచ్చింది. కొన్ని గదుల్లో మళ్లీ పిలిచారు.